మ్యూజియం వెనక గది, అక్వేరియం వెనక మోటార్లు: చూడాలంటే ఏం చేయాలి

మొదటిసారి నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఎనిమిదో తరగతి పిల్లలు 22 మందిని ఆటోల్లో ఎక్కించుకుని, చేతిలో కాగితం ముక్క కూడా లేకుండా, ఒక కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్ ముందు దిగాను. ముందురోజు ఫోన్లో "రండి మేడమ్, అన్నీ చూపిస్తాం" అన్న లెక్చరర్ ఆరోజు సెలవు. మ్యూజియం గది తాళం అటెండర్ దగ్గర. అటెండర్ తెనాలిలో పెళ్లికి వెళ్లాడు. కిటికీ ఊచల్లోంచి ఒక మొసలి తోక, రెండు సీసాలు కనిపించాయి. పిల్లలు వంతులవారీగా ఆ తోకనే చూసి, క్యాంటీన్లో సమోసాలు తిని, ఇంటికొచ్చేశారు.

ఆ తర్వాత చాలా గదుల తాళాలు తెరిపించుకున్నాను. మొసలిని తల నుంచి తోక దాకా చూడాలంటే ఏం చేయాలో మీకు చెబుతాను.

ముందు ఎక్కడికో తేల్చుకోండి

బెజవాడలో గానీ గుంటూరులో గానీ కోల్‌కతాలో, చెన్నైలో ఉన్నట్టు జంతువులకూ మొక్కలకూ పెద్ద మ్యూజియం లేదు. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పురావస్తువులది. చూడాల్సిందే, కానీ మన పని అక్కడ కాదు. మనకు కావలసిన సరుకు కాలేజీల్లో ఉంటుంది. జువాలజీ, బోటనీ చెప్పే పాత డిగ్రీ కాలేజీల్లో డిపార్ట్‌మెంట్ మ్యూజియం అని ఒక గది, ఎండబెట్టిన మొక్కలు దాచే హెర్బేరియం అని కొన్ని బీరువాలు సాధారణంగా కనబడతాయి. ఈ రెండు ఊళ్లలో పాత కాలేజీలకు కొదవ లేదు. గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది. రెండూళ్లకూ మధ్యలో నాగార్జున యూనివర్సిటీ ఉంది. పురుగుల మీద ఆసక్తి ఉంటే అగ్రికల్చర్ చదువులున్న చోట అడగండి. లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం గుంటూరు పక్కనే, 1945లో పెట్టిన బాపట్ల అగ్రికల్చర్ కాలేజీ గంటన్నర దూరం. పురుగుల్ని పట్టి, సూదికి గుచ్చి, పెట్టెలో వరసగా అమర్చడం ఆ పిల్లల చదువులో భాగం.

పాత కాలేజీ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువుల్ని కోయించడం ఆపమంది. జంతువుల్ని మందులో దాచిన కొత్త సీసాలు చేరడం అప్పటికే తగ్గింది, ఆ తర్వాత ఇంకా తగ్గిపోయింది. కాబట్టి పాత బీరువా ఉన్న చోటే వెతకాలి.

మెడికల్ కాలేజీల అనాటమీ మ్యూజియాల జోలికి మాత్రం పిల్లలతో వెళ్లకండి. అవి వైద్య విద్యార్థుల కోసం పెట్టినవి, మన పనికి సంబంధం లేనివి.

ఒక ప్రశ్న పట్టుకెళ్లండి

"ఊరికే చూడ్డానికొస్తాం సార్" అంటే ఎవరూ కాదనరు, కానీ ఎవరూ తాళం తీయరు కూడా. "వచ్చే వారం చూద్దాం" అంటారు. ఆ వచ్చే వారం ఎన్నటికీ రాదు. అదే మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటే ఎదుటి మనిషి ముఖమే మారిపోతుంది. బీరువా తెరిచి పదేళ్లయినా, అందులో ఏముందో మిమ్మల్ని అడిగేవాళ్లు లేక ఆయనే విసిగిపోయి ఉంటాడు.

ప్రశ్న మన నేల మీదదైతే మంచిది. నేను ఎక్కువగా వాడింది ఇది: ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. అంతకు ముందు కృష్ణలో పట్టిన చేపలు మీ సీసాల్లో ఏమైనా ఉన్నాయా? బ్యారేజీకి ఇంకో వంద ఏళ్ల వెనక్కి పోతే 1855 నాటి పాత ఆనకట్ట ఉంది. సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేపలకు ఆ రెండూ అడ్డుగోడలే. ఇంకో ప్రశ్న: కొల్లేరులో పూర్వం ఉన్న నత్తలు, గుల్లలు మీ దగ్గర ఏవేవి ఉన్నాయి? లేదంటే ఉప్పలపాడు చెరువుకొచ్చే కొంగల గుడ్లు, గూళ్లు ఎవరైనా ఎప్పుడైనా సేకరించారా? జవాబు "లేవమ్మా" అని వచ్చినా ఫరవాలేదు, అది చెప్పడానికి ఆయన బీరువాలు తెరవాల్సిందే కదా.

ఉత్తరం

ఫోన్ చాలదు, వాట్సాప్ అసలే చాలదు. ప్రిన్సిపాల్ పేర, విభాగాధిపతి ద్వారా అని రాసి, రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వెళ్లేరోజు వాచ్‌మన్‌కు చూపించేది ఆ స్టాంపునే. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"జంతుశాస్త్ర విభాగాధిపతి గారికి నమస్కారం. మేము ఆరుగురు విద్యార్థులం, ఇద్దరు పెద్దలం. మీ మ్యూజియంలో కృష్ణా నది చేపల స్పెసిమెన్లు చూడాలనుకుంటున్నాం. 1957కు ముందు పట్టినవి ఏమైనా ఉన్నాయేమో తెలుసుకోవాలని మా ఉద్దేశం. గంటకు మించి మీ సమయం తీసుకోం. సీసాలు తెరవం, దేన్నీ ముట్టుకోం. మీరు అనుమతిస్తేనే ఫొటోలు తీస్తాం. మంగళ, బుధ, గురువారాల్లో మీకు వీలైన రోజు తెలియజేయగలరు."

మనుషుల సంఖ్య, సమయం, ముట్టుకోం అన్న మాట, ఈ మూడూ తప్పకుండా ఉండాలి. ఎనిమిది మందికి మించకండి. బీరువాల మధ్య నడవ ఒక్క మనిషి పట్టేంతే ఉంటుంది. 22 మంది సంగతి నన్నడగండి.

రోజు కుదిరాక అటెండర్ గారి నంబరు అడిగి తీసుకోండి, ముందురోజు సాయంత్రం ఆయనకే ఫోన్ చేయండి. విభాగాధిపతులు బదిలీ అవుతారు, రిటైరవుతారు. ఏ సీసా ఏ అరలో ఉందో, ఏ బీరువా తలుపు ఎటు నొక్కితే తెరుచుకుంటుందో తెలిసిన మనిషి అటెండరే.

ఇక నెలలు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా ప్రాక్టికల్స్, పరీక్షలు, అడగొద్దు. మేలో కాలేజీ ఉండదు. ఉన్నా ఫ్యాన్ తిరగని గదిలో, సీసాల్లో పోసే ఫార్మలిన్ మందు వాసనకు కళ్లు నిలవవు. దసరా పది రోజులు బెజవాడలో అడుగుపెట్టే చోటు దొరకదు. నవంబరు, డిసెంబరు హాయి. సంక్రాంతి సెలవులకు ముందు ముగించుకోండి.

లోపలికి వెళ్లాక

ముందు జాగ్రత్తలు, ఎందుకంటే ఇక్కడ కొన్ని నిజంగా విషాలే. జంతువును పాడవకుండా నిలవ ఉంచడానికి ఫార్మలిన్ వాడతారు, సాధారణంగా నీళ్లలో పది శాతం కలిపి. పెద్ద మ్యూజియాల్లో ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్లోకి మారుస్తారు. మన కాలేజీల్లో చాలాచోట్ల ఫార్మలిన్లోనే ఉండిపోతాయి. కాబట్టి లోపలికి వెళ్లగానే కిటికీలు తీయమనండి. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు రాకపోవడమే మంచిది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే ఆరోజుకు కళ్లద్దాలకు మారండి.

గడ్డి కూరి నిలబెట్టిన పాత పక్షులు, జంతువుల చర్మాలకు ఆర్సెనిక్ పూసేవారు. హెర్బేరియంలో మొక్కలు అంటించిన పాత షీట్లకు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పట్టించేవారు. వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. అక్కడ ఆ పని చేయకండి. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ, బజ్జీ. సెంటు సీసా అంత స్పెసిమెన్ సీసా అయినా మూత తీయకండి, కుదపకండి. స్పిరిట్ ఉన్న గది కాబట్టి నిప్పు అసలు పనికిరాదు. ఆయుధ పూజకు ల్యాబుల్లో కర్పూరం వెలిగించడం చూశాను. మైక్రోస్కోపుకు బొట్టు పెట్టండి, వద్దనను. హారతి మాత్రం వరండాలో ఇవ్వమని చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ 2016 ఏప్రిల్ 26 తెల్లవారకముందే మంటల్లో పోయింది. పోయిన సీసాను మళ్లీ ఎవరూ తయారు చేయలేరు.

ఇప్పుడు అసలు సంగతి. పిల్లలు జంతువును చూస్తారు. మీరు చీటీని చూడండి. సీసాలోది ఏదైనా కొన్నేళ్లకు రంగుపోయి, తెల్లగానో గోధుమరంగులోనో తేలుతుంది. దాని విలువంతా చీటీలో ఉంది: ఎక్కడ పట్టారు, ఏ రోజు, ఎవరు పట్టారు, ఏ జాతి అని ఎవరు తేల్చారు, రిజిస్టర్ నంబరెంత. సీసా లోపల మునిగిన చీటీ పెన్సిల్‌తోనో ఇండియన్ ఇంకుతోనో రాసి ఉంటుంది. మామూలు పెన్ను సిరా కరిగిపోతుంది. మీరు కూడా పెన్సిలే పట్టుకెళ్లండి. పురుగుల పెట్టెల్లో చీటీ సూదికే, పురుగు కింద ఉంటుంది. పెంకుపురుగుకు సూది నడిమధ్యన కాకుండా కుడివైపు పెంకు మీద గుచ్చుతారు, ఎడమవైపు పాడవకుండా మిగలాలని. సీతాకోకచిలుకకు ఛాతీ మధ్యలో. ఇవి పిల్లలతో వెతికించండి, పెట్టె ముందు నుంచి కదలరు.

ఎర్ర గుర్తు, ఎర్ర చీటీ ఉన్నది కనిపిస్తే ఆగండి. ఒక జాతికి మొదటిసారి శాస్త్రీయంగా పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఉంచిన నమూనాకు మ్యూజియాల్లో అలాంటి గుర్తు పెడతారు. మన డిగ్రీ కాలేజీల్లో అది దొరకడం అరుదు. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా వెళ్లినప్పుడు అడిగి చూడండి.

పాత చీటీలు చదవడానికి ఒక చిట్కా. మన ఊళ్ల స్పెల్లింగులు వేరు. కృష్ణాకు కిస్ట్నా, విజయవాడకు బెజ్వాడా, బందరుకు మసులిపటం, గుంటూరుకు ఇంగ్లిష్‌లో చివరి ఆర్ ముందు రెండు ఓలు. పైగా గుంటూరు 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లాలో కలిసి ఉండేది. మీది నరసరావుపేటే కావచ్చు, 1890లో అక్కడ పట్టిన పాము చీటీ మీద మాత్రం కృష్ణా జిల్లా అనే ఉంటుంది. జంతువుల పేర్లూ మారాయి. కొర్రమీను పాత సీసా మీద ఒఫియోసెఫాలస్ స్ట్రయేటస్ అని ఉంటే కంగారు పడకండి, ఇప్పుడు దాన్నే చన్నా స్ట్రయేటా అంటున్నారు.

చీటీ సరిగ్గా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మన కలివికోడి అనే అరుదైన పక్షి కథే చాలు. కడప లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనబడేదాకా అది అంతరించిపోయిందనే అనుకున్నారు. దాని గుడ్డు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చివరికి స్కాట్లాండ్‌లో, ఆబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియం సొరుగులో ఒక గుడ్డు బయటపడింది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పనిచేసిన ఒక పశువుల డాక్టర్ 1917లో సేకరించినది. మ్యూజియంలో భద్రంగా ఉన్న పాత పక్షి చర్మాల డీఎన్‌ఏతో పోల్చి, అది కలివికోడిదేనని 2013లో ప్రకటించారు. అడవంతా తిరిగినా దొరకనిది సొరుగులో దొరికింది.

అక్వేరియం వెనక

ఇక్కడ దారి వేరు, ఉత్తరం కన్నా టైము ముఖ్యం. ఎండాకాలంలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో సొరంగం అక్వేరియాలు వేస్తుంటారు కదా. సాయంత్రం జనంలో వెళ్లి మేనేజర్‌ను అడిగితే వినిపించుకోడు. తెరవడానికి రెండు గంటల ముందు, నీళ్లు చూసుకునే కుర్రాళ్లను పలకరించండి. "తమ్ముడూ, కరెంటు పోతే ఈ చేపలేమవుతాయి?" అని అడగండి చాలు. నన్ను జనరేటర్ దగ్గరికి, గాలి పంపుల దగ్గరికి, ఇసుక ఫిల్టర్ల దగ్గరికి ఒకదాని వెంట ఒకటి తిప్పారు, నేను రెండో ప్రశ్న అడిగేలోపే. అద్దం ముందు నుంచి సముద్రం, వెనక నుంచి చూస్తే మన పొలంలో మోటారు షెడ్డు.

అక్కడ చూడాల్సినవి ఇవి. ఫిల్టర్ అంటే మురికి వడకట్టేది మాత్రమే కాదు. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుంది, అది వాటికే విషం. ఫిల్టర్‌లో కాపురం పెట్టిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి కొత్త తొట్టెలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంట్లో అక్వేరియం పెట్టిన వారానికే చేపలు ఎందుకు చచ్చిపోతాయో ఇక్కడ అర్థమవుతుంది. సముద్రపు చేపల తొట్టెలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉండాలి, అదీ వంటింటి ఉప్పు కాదు. బెజవాడ ఎండకు ఆ నీళ్లు కాగిపోకుండా చల్లబరిచే చిల్లర్లు వేరే ఉంటాయి. కొత్తగా వచ్చిన చేపలకు వేరే తొట్టె ఉందా అని తప్పకుండా అడగండి. లేదంటే ఆ నిర్వహణ అంతంత మాత్రమే.

పెద్ద అక్వేరియాల్లో వంటగది చూపిస్తే వదలకండి. గడ్డకట్టించిన కొన్ని రకాల చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. అందుకని చేపలే తిండిగా బతికే జంతువులకు విటమిన్ మాత్రను చేప మొప్పల్లో దోపి పెడతారు. అమ్మలు అరటిపండులో మాత్ర పెట్టినట్టే.

చేతికి శానిటైజర్, లోషన్ రాసుకుని నీళ్లలో వేలు పెట్టకండి. ఫ్లాష్ ఆపేయండి. నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకోండి.

ముందు అలవాటు పడాలంటే మీ వీధిలో అక్వేరియం షాపుతో మొదలుపెట్టండి. సరుకు దిగే రోజు వెళితే ఆక్సిజన్ నింపిన కవర్లను తొట్టె నీళ్లలో తేలేసి, రెండు నీళ్లూ ఒకే వేడికి వచ్చాక విప్పడం చూపిస్తారు. ఎక్కడైనా నక్షత్ర తాబేలు అమ్మకానికి కనిపిస్తే బేరం ఆడకుండా బయటికి వచ్చేయండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది కొన్నవాళ్లకూ కేసే.

అలంకరణ చేపలకన్నా తినే చేపల మీద ఆసక్తి ఉంటే మనంత అదృష్టవంతులు లేరు. పోరంకిలో మంచినీటి చేపల పరిశోధన కేంద్రం, సిఫా అనే కేంద్ర సంస్థ వాళ్లది, ఉంది. బాపట్ల, చీరాల తీరంలో రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలున్నాయి. హేచరీకి వెళ్లేటప్పుడు అదే రోజు ఇంకో హేచరీకో, రొయ్యల చెరువుకో వెళ్లి రాకండి. గేటు దగ్గర మందు నీళ్లలో కాళ్లు ముంచమంటారు, విసుక్కోవద్దు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఈ తీరం రొయ్యల రైతుల్ని ఎలా ముంచిందో చూసినవాళ్లు వాళ్లు. ఇప్పుడు అందరూ పెంచే వనామీ రొయ్య 2009లో మన దేశంలో అనుమతి పొందింది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని ముందు చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉంచుతారు.

దూరం వెళ్లగలిగితే

హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. అధికారికి అదే ఉత్తరాన్ని ఇంగ్లిష్‌లో రాసి ఈమెయిల్ చేయండి, ఆధార్ పట్టుకెళ్లండి, పనిదినాల్లోనే వెళ్లండి. పనిలో పనిగా బిర్లా సైన్స్ సెంటర్లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం చూసి రండి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియం 1851 నాటిది. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల సరుకు వెతకాల్సింది అక్కడే. బెజవాడలో పినాకిని రైలు పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు.

ఇక అబ్బాయి దగ్గరకో అమ్మాయి దగ్గరకో విదేశం వెళ్లి, ఆరు నెలలు ఇంట్లో టీవీ చూస్తూ కూర్చునే పెద్దవాళ్లకు ఒక మాట. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరుంటే కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో మ్యూజియం, అక్వేరియం రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి. లండన్ అయితే నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సీసాల గోదాముకు టూరు ఉంది, విడిగా టికెట్ కొనాలి. అక్కడ 8.62 మీటర్ల రాక్షస స్క్విడ్‌ను పొడవాటి తొట్టెలో పడుకోబెట్టారు. పిల్లల చేత ఆన్‌లైన్లో ముందే బుక్ చేయించండి.

తిరిగొచ్చాక

మీరు రాసుకున్న చీటీల వివరాలు, తీసిన ఫొటోలు వారంలోగా విభాగాధిపతికి పంపండి. డబ్బులివ్వకండి, అటెండర్‌కు కూడా. కలరా ఉండలు కావాలా, చీటీలకు మందపాటి కాగితం కావాలా అని అడగండి, అవి అక్కడ ఎప్పుడూ తక్కువే. ఒక పామో ఈకో గూడో దొరికిందని మోసుకెళ్లి బహుమతిగా ఇవ్వబోకండి. చట్టంతో తిప్పలు వాళ్లకొస్తాయి.

చీటీలో లేనిది ఎవరైనా నోటితో చెబితే అది కూడా రాయండి. ఒక కాలేజీలో అరడుగు సీసాలో ఒక చిన్న సముద్రపు జీవి ఉంది, పేరుంది, ఊరు లేదు, తేదీ లేదు.

"ఇదెప్పటిది బాబాయ్?" అన్నాను అటెండర్‌తో.

"నేను చేరేటప్పటికే ఉందండి మేడమ్. నా ముందాయన చెప్పేవాడు, దివిసీమ ఉప్పెనప్పుడు నాగాయలంక నుంచి ఎవరో స్టూడెంట్ తెచ్చాడని."

ఉప్పెన 1977 నవంబరులో. నేను ఆ మాట అన్నదన్నట్టు రాసి, ఎవరు చెప్పారో కూడా రాసి, ఉత్తరంలో పెట్టి పంపాను. మరుసటి ఏడాది వెళ్లేసరికి ఆ సీసాకు రెండో చీటీ వేలాడుతోంది. పెన్సిల్‌తో రాశారు: "నాగాయలంక, 1977? అటెండర్ చెప్పిన ప్రకారం." ప్రశ్నార్థకం కూడా చెరపకుండా ఉంచారు.